ఏసీ విప్పేశాక మిగిలిన మోత: ఏ రేడియేటర్ ఫ్యాను ఎంచుకోవాలి?

మా నాన్నగారు కొన్న అంబాసిడర్ ఇప్పటికీ మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంటుంది. పెట్రోలు బండి. కొన్నప్పుడు ఏసీ లేదు, కొన్నేళ్ల తర్వాత బయట బిగించారు. ఆ బిగించినవాళ్లే ఇంజను ముందున్న నాలుగు రెక్కల ఇనుప ఫ్యాను తీసేసి ఏడు రెక్కల పెద్ద ఫ్యాను పెట్టారు. రేడియేటర్ ముందు ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ వచ్చి కూర్చుంటే గాలిని మరింత గట్టిగా లాగాలి కాబట్టి ఆనాటికి అది సరైన పనే. నిరుడు కంప్రెసర్ పట్టేసింది. బాగుచేయించడానికయ్యే ఖర్చు విన్నాక ఏసీ సరంజామా అంతా విప్పించేశాను. కండెన్సర్ పోయింది, కంప్రెసర్ పోయింది, పైపులు పోయాయి. ఆ ఏడు రెక్కల ఫ్యాను మాత్రం ఉండిపోయింది.

హైదరాబాద్‌లో మెహదీపట్నం దగ్గర, అరాంఘర్ వైపు వెళ్లే పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి వేగం అందుకోగానే పక్కన లారీ వస్తున్నంత హోరు. నిజానికి ఆ హోరు ఇన్నేళ్లూ ఉన్నదే. ఏసీ ఉన్నప్పుడు అద్దాలు ఎత్తుకుని తిరిగేవాళ్లం, అంతగా వినిపించేది కాదు. ఇప్పుడు నాలుగు అద్దాలూ దించుకోవాల్సిందే, హోరంతా లోపలికే.

అదే నెలలో మా బావమరిది కూడా తన చిన్న పెట్రోలు కారులో ఏసీ తీయించాడు. అతనిది కరెంటు ఫ్యాను. "బావా, బండి స్టార్ట్ చేస్తే చాలు, ఫ్యాను ఆగడమే లేదు. కొత్తది వేయించమంటావా?" అని ఫోను చేశాడు. వినడానికి ఇద్దరి ఇబ్బందీ ఒకటే. చివరికి నా బండికి ఫ్యాను మార్చాల్సి వచ్చింది, అతని బండిలో ఫ్యానును ముట్టుకోనే లేదు. ఏసీ తీసేసిన కారుకు ఫ్యాను కొనేముందు చూసుకోవాల్సిన సంగతులు ఈ రెండు బండ్లతో దాదాపు అన్నీ తెలిసివచ్చాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మే నెల మధ్యాహ్నం అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఇంజనును కాపాడగలిగి, అవసరం లేనప్పుడు ఊరుకునే ఫ్యాను కావాలి మనకు. మోత తక్కువన్న ఒక్క కారణంతో ఏదీ కొనకండి.

మోత దేనిదో ముందు తేల్చండి

షెడ్డుకు వెళ్లి "ఫ్యాను మోగుతోంది" అంటే ఫ్యానే మారుస్తారు. అందుకని వెళ్లేముందు ఇంట్లోనే ఒక అరగంట కేటాయించండి. ఇంజను చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాను దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది, కాబట్టి ఈ జాగ్రత్త దాటవేయకూడదు. తర్వాత ఫ్యాను రెక్కను వేలితో మెల్లగా తిప్పండి. గరగరమంటే బేరింగో బుష్షో అరిగింది. రెక్క చివర పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే కదలిక తెలిసిందంటే అరుగుదల ఇంకా ఎక్కువన్నమాట. రెక్కల్లో ఒకటి అంచు విరిగి ఉన్నా, ఒకదాని మీద మాత్రం మట్టి గట్టిగా పేరుకున్నా, తిరిగేటప్పుడు బరువు ఒకవైపు లాగి ఇంజను గది అంతా అదురుతుంది. దాన్ని మోత అనడం కన్నా అదురు అనడం సరి. బ్రష్షుతో, సబ్బు నీళ్లతో రెక్కలు కడిగితేనే పోయిన సందర్భాలు ఉన్నాయి. మోటారును పట్టి ఉంచే రబ్బరు బుష్షులు ఎండకు రాయిలా గట్టిపడినా అదురు నేరుగా బాడీకి ఎక్కుతుంది. రబ్బరు ముక్కలు మారిస్తే చాలు.

కరెంటు ఫ్యాను ఉన్నవాళ్లకు ఇంకో తేలికైన పరీక్ష ఉంది. చల్లని ఇంజను స్టార్ట్ చేసి వినండి. ఫ్యాను ఇంకా తిరగకముందే మోత ఉంటే అది ఫ్యానుది కాదు. వాటర్ పంపు బేరింగ్, ఆల్టర్నేటర్ బేరింగ్, బెల్టు, లేదా ఏసీ తీసినప్పుడు మార్చిన ఏదో పుల్లీ. ఒకే పొడవాటి బెల్టు అన్నింటినీ తిప్పే బండ్లలో కంప్రెసర్ తీసేస్తే దాని స్థానంలో ఉత్త పుల్లీ పెట్టాలి, లేదా పొట్టి బెల్టు వేయాలి. ఆ పుల్లీ చవకరకం అయితే కొద్ది నెలలకే కీచుమంటుంది. నింద మాత్రం ఫ్యాను మీద పడుతుంది.

ఇంజనే తిప్పే ఫ్యాను ఉన్నవాళ్లు మోత ఎప్పుడు వస్తుందో చూడండి. ఇంజను వేగంతో పాటు పెరిగే హోరు అయితే అది గాలిని కోసే చప్పుడు, ఆ ఫ్యాను స్వభావమే అది. టకటకమని తగిలే చప్పుడు అయితే రెక్క దేనికో రాసుకుంటోంది. ఇంజను మౌంటింగ్ రబ్బర్లు కుంగితే ఇంజనుతో పాటు ఫ్యానూ కిందికి దిగి, ఫ్యాను చుట్టూ రేడియేటర్‌కు బిగించి ఉన్న తొడుగుకు తగులుతుంది. అప్పుడు మార్చాల్సింది మౌంటింగులను.

ఏసీ పోతే రేడియేటర్‌కు ఏం కలిసివస్తుంది

కండెన్సర్ రేడియేటర్‌కు ముందు ఉంటుంది. బయటి గాలి ముందు దాని వేడి మోసుకుని, ఆ తర్వాతే రేడియేటర్‌కు చేరుతుంది. పైగా కండెన్సర్‌దీ రేడియేటర్‌దీ రెండు జాలీలను దాటాలి. ఏసీ తీసేశాక గాలి చల్లగా చేరుతుంది, అడ్డూ తగ్గుతుంది. రేడియేటర్ వదిలే వేడి లోపలి నీటికీ బయటి గాలికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. నీళ్లు 95 డిగ్రీల దగ్గర, గాలి 42 దగ్గర ఉన్నాయనుకోండి, తేడా 53. కండెన్సర్ అదే గాలిని ఇంకో పది డిగ్రీలు వేడెక్కిస్తే తేడా 43కు పడిపోతుంది. ఏసీ తీసేయడం అంటే ఆ పది డిగ్రీలను రేడియేటర్‌కు తిరిగి ఇచ్చేయడమే. కంప్రెసర్‌ను తిప్పే భారం ఇంజను మీద నుంచి దిగిపోవడం దానికి అదనం.

కాబట్టి ఏసీ కోసం వేసిన పెద్ద ఫ్యాను ఇక అక్కర్లేదన్న మాట నిజమే. అయితే ఎంత చిన్నదైనా సరిపోతుందని మాత్రం కాదు. హైదరాబాద్‌లో ఇంతవరకూ నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రత 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు. తారు రోడ్డు మీద, ముందు బస్సు, పక్కన ఆటోల వేడి మధ్య నిలబడ్డ బండి ముక్కు దగ్గర గాలి అంతకంటే వేడిగానే ఉంటుంది. డిసెంబరులో పగటి గాలి 28 డిగ్రీలు ఉన్నప్పుడు తేడా 67. అప్పుడు ఏ ఫ్యాను పెట్టినా బండి చల్లగానే నడుస్తుంది. చలికాలంలో ఫ్యాను మార్చి "బాగా పనిచేస్తోంది" అని తృప్తిపడితే ఏప్రిల్‌లో రోడ్డు మీద బానెట్ ఎత్తాల్సి వస్తుంది.

ఇంకొక సంగతి. మన ఊరు సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ తెరిచిన గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత ఒత్తిడిని పట్టి ఉంచడం వల్లే ఇంజనులో నీళ్లు 100 దాటినా మరగకుండా ఉంటాయి. మూత రబ్బరు ఎండిపోయి ఉంటే మీరు ఏ ఫ్యాను పెట్టినా పొంగు తప్పదు. ఫ్యానుతో పాటు మూత కూడా మార్చమని నేను అందరికీ చెబుతాను. తక్కువ ఖర్చుతో అంత మేలు చేసే వస్తువు బండిలో ఇంకొకటి లేదు.

ఇంజనే తిప్పే ఫ్యాను ఉంటే

అంబాసిడర్, పద్మిని లాంటి పాత బండ్లలో ఫ్యాను వాటర్ పంపు పుల్లీకే బిగించి ఉంటుంది. బెల్టు పంపును తిప్పుతుంది, పంపుతో పాటు ఫ్యానూ తిరుగుతుంది. తెగిపోయే వైరు లేదు, కాలిపోయే మోటారు లేదు. లోపమల్లా ఒక్కటే. సిగ్నల్ దగ్గర గాలి బాగా కావాల్సినప్పుడు ఇంజను మెల్లగా తిరుగుతుంది, ఫ్యానూ మెల్లగానే తిరుగుతుంది. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఎదురుగాలే సరిపోయేటప్పుడు మాత్రం విపరీతంగా తిరుగుతుంది. ఫ్యాను వేగం రెట్టింపైతే అది లాగే గాలి రెట్టింపే అవుతుంది. తిప్పడానికి కావాల్సిన శక్తి మాత్రం ఎనిమిది రెట్లు అవుతుంది, మోత సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. సిగ్నల్ దగ్గరి వేగానికీ రోడ్డు మీది వేగానికీ మూడు రెట్ల తేడా ఉంటే శక్తిలో తేడా 27 రెట్లు. అందుకే ఏడు రెక్కల ఫ్యాను హోరు పెడుతూ పెట్రోలు కూడా తాగేస్తుంది.

ఇక్కడ దారులు మూడు. పాత తక్కువ రెక్కల ఫ్యానుకు వెనక్కి వెళ్లడం, కరెంటు ఫ్యానుకు మారడం, క్లచ్ ఉన్న ఫ్యాను పెట్టడం.

మూడోదాన్ని ముందే పక్కన పెట్టేస్తాను. పెద్ద డీజిల్ బండ్లలో ఉండే క్లచ్ ఫ్యాను మంచి వస్తువు. మధ్యలో సిలికాన్ నూనె ఉంటుంది. రేడియేటర్ నుంచి వచ్చే గాలి వేడెక్కితేనే పట్టుకుని గట్టిగా తిరుగుతుంది, లేకపోతే జారుతూ ఉంటుంది. మీ బండికి కంపెనీయే దాన్ని ఇచ్చి ఉండి, అది ఎప్పుడూ హోరు పెడుతోందంటే క్లచ్ బిగుసుకుపోయిందని అర్థం, క్లచ్ మార్చండి. చల్లగా ఉన్నప్పుడు చేత్తో తిప్పితే అడ్డే లేకుండా గిర్రున తిరిగిందంటే నూనె కారిపోయిందని అర్థం, అప్పుడూ మార్చాల్సిందే. కానీ అది లేని బండికి కొత్తగా పెట్టాలంటే రేడియేటర్‌కూ పంపుకూ మధ్య అంత చోటు ఉండదు, దాని బరువంతా పంపు బేరింగ్ మీద పడుతుంది. పాత కార్లకు ఆ ప్రయోగం వద్దు.

మొదటి దారి నాకు ఎక్కువ నచ్చింది. బండిని తయారుచేసినవాళ్లు ఏసీ లేని ఇంజనుకు ఎంత గాలి కావాలో లెక్కేసి పెట్టిన ఫ్యాను అది. ఖర్చు తక్కువ. ఏ షెడ్డులోనైనా బిగిస్తారు. అయితే రెండు విషయాల్లో కళ్లు తెరిచి ఉండాలి.

ఒకటి, పాత ఇనుప ఫ్యాను కొనేటప్పుడు రెక్కల మొదళ్లను చూడండి. రివెట్లు కదులుతున్నా, మొదట్లో వెంట్రుకవాసి పగులు కనిపించినా తీసుకోవద్దు. వెల్డింగ్ చేసింది అసలే వద్దు. నిమిషానికి రెండున్నర వేల చుట్లు తిరిగే ఇనుప రెక్క ఊడితే బానెట్‌ను చీల్చుకుని వస్తుంది. ఇంజను రేస్ చేసి చూసేటప్పుడు ఫ్యానుకు సరిగ్గా పక్కన ఎవరూ నిలబడకూడదు. మెడలో కండువాలు, వదులు చేతులు దగ్గరికి రానివ్వకూడదు.

రెండోది మా షెడ్డులో కళ్లారా చూసింది. ఏడు రెక్కల ఫ్యానుకూ పుల్లీకీ మధ్య అల్యూమినియం బిళ్ల ఒకటి ఉంది, ఫ్యానును రేడియేటర్‌కు దగ్గరగా జరపడానికి పెట్టినది. నాలుగు రెక్కల ఫ్యానుకు ఆ బిళ్ల అక్కర్లేదని తీసేశారు. కుర్రవాడు పాత బోల్టులే తీసుకుని బిగించబోతుంటే మా మెకానిక్ చెయ్యి పట్టి ఆపాడు. బోల్టును బిళ్ల పక్కన నిలబెట్టి, బొటనవేలి గోరుతో గీత పెట్టి చూపించాడు. "చూడండి సార్, బిళ్ల మందం ఎంతో బోల్టు అంత పొడుగు మిగిలింది. ఇలాగే బిగిస్తే చివర వెళ్లి పంపు బాడీకి తగులుతుంది. బిగిసిందనుకుంటాం, పుల్లీ మాత్రం వదులుగానే ఉంటుంది." పొట్టి బోల్టులు, కొత్త స్ప్రింగ్ వాషర్లు తెప్పించి వేశాడు. ఇంత చిన్న సంగతి మీద వాటర్ పంపు ఆయుష్షంతా ఆధారపడి ఉంది. మీరు దగ్గర ఉండి చూసుకోవాల్సింది ఇలాంటివే.

ఫ్యాను వెనకా ముందూ తారుమారైనా తిరుగుతూనే ఉంటుంది కానీ గాలిని సరిగ్గా లాగదు. రెక్క వంపు ఎటు ఉందో చూసుకుని బిగించాలి. బిగించాక ఇంజను స్టార్ట్ చేసి ముందు జాలీ దగ్గర సగం మడిచిన వార్తాపత్రిక కాగితం పట్టుకోండి. జాలీకి అతుక్కుని నిలబడితే సరిగ్గా ఉన్నట్టు.

ఇక కరెంటు ఫ్యాను. రోజూ పంజాగుట్ట, మాసబ్‌ట్యాంక్ దారిలో ఆఫీసుకు పాత బండి తోలేవాళ్లకు ఇదే మేలు. సిగ్నల్ దగ్గర ఇంజను మెల్లగా తిరుగుతున్నా ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతుంది. రోడ్డు ఖాళీగా ఉంటే ఆగిపోతుంది. ఇంజను ఫ్యానును పూర్తిగా తీసేసి దీన్ని పెట్టాలి. రెండూ ఉంచితే మోత పోదు, గాలికి ఒకదానికొకటి అడ్డు. కానీ దీనికి ముందు మీ బండిలో బ్యాటరీని ఛార్జ్ చేసేది పాతకాలపు డైనమోనో ఆల్టర్నేటరో చూడండి. 120 వాట్ల ఫ్యాను 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు తీసుకుంటుంది. రాత్రి హెడ్‌లైట్లు వేస్తే ఇంకో 10. పాత డైనమో పూర్తి వేగంలో ఇచ్చేదే ఇరవై పైచిలుకు ఆంపియర్లు, బండి ఆగి ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. సిగ్నల్ దగ్గర అంతా బ్యాటరీ మీదే పడుతుంది. కొన్నాళ్లకు ఒక ఉదయం బండి స్టార్ట్ కాదు. డైనమో బండికి ముందు ఆల్టర్నేటర్, ఆ తర్వాతే కరెంటు ఫ్యాను. ఆ వరుస తప్పొద్దు.

నా బండి ఆదివారాలు, పెళ్లిళ్లు, తెల్లవారుజామున స్టేషను ప్రయాణాలకే బయటికి తీస్తాను. అందుకే నాలుగు రెక్కల ఫ్యానుకు వెనక్కి వెళ్లాను. అదే డబ్బులో కొంత పెట్టి రేడియేటర్ విప్పించి రాడింగ్, అంటే గొట్టాల్లో సన్నని కమ్మీ దూర్చి శుభ్రం చేసే పని, చేయించాను. బోరు నీళ్ల సున్నం గొట్టాల్లో పేరుకుపోయి ఉంది. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి, బండి మీద ప్రేమ ఉన్నవాళ్లు ఇది గట్టిగా పట్టించుకోవాలి. కలిపి అమ్మే కూలెంట్ కానీ, డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన కూలెంట్ కానీ పోయండి.

కరెంటు ఫ్యానే ఉన్న బండ్లు

మా బావమరిది కారు దగ్గరికి వద్దాం. చల్లని ఇంజను స్టార్ట్ చేసిన వెంటనే ఫ్యాను పూర్తి వేగంతో అందుకునేది. మోటారు బేరింగ్ బాగుంది, రెక్కలు బాగున్నాయి. ఏసీ తీసినవాళ్లు గ్యాసు పైపు మీదున్న ప్రెషర్ సెన్సర్ కనెక్టరును విప్పి గాలికి వదిలేశారు. ఇంధన ఇంజెక్షన్ ఉన్న చాలా బండ్లలో ఇంజను కంప్యూటర్ ఆ సెన్సర్ కనిపించకపోతే ఏదో పాడైందనుకుని ముందుజాగ్రత్తగా ఫ్యానును ఆపకుండా తిప్పుతుంది. నీటి ఉష్ణోగ్రత చెప్పే సెన్సర్ వైరు తెగినా ఇదే జరుగుతుంది. స్కానర్ పెట్టి చూసిన మెకానిక్ పావుగంటలో సంగతి చెప్పాడు. సెన్సర్ తిరిగి తగిలించి, ఏసీ స్విచ్ వైరింగ్ సరిచేశాక ఫ్యాను వేడెక్కినప్పుడే తిరగడం మొదలుపెట్టింది. కొత్త ఫ్యాను కొని ఉంటే అదీ ఆగకుండానే తిరిగేది.

ఇలాంటిదే ఇంకో జబ్బు రెసిస్టర్‌ది. చాలా కార్లలో ఫ్యానుకు రెండు వేగాలుంటాయి. తక్కువ వేగానికి కరెంటును ఒక రెసిస్టర్ గుండా పంపుతారు. అది కాలిపోతే మెల్లని వేగం పోతుంది. నీళ్లు బాగా వేడెక్కాక ఫ్యాను ఒక్కసారిగా పూర్తి వేగంతో అందుకుంటుంది. "ఈ మధ్య ఫ్యాను మోత పెరిగింది" అనేవాళ్లు ముందు దీన్ని చూపించుకోవాలి. రెసిస్టర్ మార్చడం చిన్న పని.

ఇవేవీ కాక మోటారే అరిగిందని తేలితే ఎంపిక మొదలవుతుంది. నా వరుస ఇది. అన్నిటికన్నా ముందు, అదే మోడలు మోటారు కొత్తది కొని, పాత తొడుగులోనే, పాత రెక్కతోనే బిగించడం. రెక్క బాగుంటే మోటారు ఒక్కటే మార్చవచ్చు. దాని తర్వాత అదే కారు ఏసీ లేని మోడలుకు కంపెనీ ఇచ్చిన ఫ్యాను, తొడుగుతో సహా. ఇది దొరికితే బండికి చక్కగా అతుకుతుంది, మోటారు చిన్నది కాబట్టి మోతా తక్కువ. కానీ తొడుగు లేకుండా ఫ్యాను మాత్రమే ఇస్తామంటే వదిలేయండి. మూడోది పాత సామాను దుకాణంలో దొరికే సెకండ్ హ్యాండ్ ఫ్యాను. ఆఖరిది ఏ బండికైనా సరిపోతుందని అమ్మే పల్చటి ఫ్యాను.

ఆ పల్చటి ఫ్యాను మీద నాకెందుకు నమ్మకం తక్కువో చెప్పాలి. పెట్టె మీద పెద్ద పెద్ద గాలి అంకెలుంటాయి. అవి ముందు ఏ అడ్డూ లేకుండా కొలిచినవి. జాలీ గుండా లాగేటప్పుడు అంత గాలి రాదు. అంతకన్నా పెద్ద సమస్య తొడుగు లేకపోవడం. 35 సెంటీమీటర్ల చదరపు రేడియేటర్ వైశాల్యం 1225 చదరపు సెంటీమీటర్లు. 30 సెంటీమీటర్ల గుండ్రటి ఫ్యాను కప్పేది 707, అంటే 58 శాతం. రేడియేటర్‌కు ఆనించి బిగించిన ఫ్యాను తన ముందున్న ఆ వృత్తం నుంచే గాలి లాగుతుంది. నాలుగు మూలలూ బండి ఆగి ఉన్నప్పుడు ఊరికే ఉంటాయి. తొడుగు ఉన్న ఫ్యాను రెండు, మూడు సెంటీమీటర్ల దూరంలో నిలబడి మొత్తం జాలీ నుంచి గాలిని తన దగ్గరికి రప్పించుకుంటుంది. తొడుగులో ఉన్న చిన్న ఫ్యాను, తొడుగు లేని పెద్ద ఫ్యాను కన్నా సిగ్నల్ దగ్గర మెరుగ్గా పనిచేయడం ఇందుకే. తప్పనిసరై పల్చటి ఫ్యానే పెట్టాల్సి వస్తే అల్యూమినియం రేకుతో తొడుగు చేయించుకోండి. రేకు పని తెలిసిన ఎవరైనా చేసి ఇస్తారు. జాలీ మధ్యలోంచి ప్లాస్టిక్ పుల్లలు గుచ్చి ఫ్యానును వేలాడదీసే పద్ధతి మాత్రం వద్దే వద్దు. అదురుకు ఆ పుల్లలు గొట్టాలను రాస్తాయి, కొన్ని నెలలకు రేడియేటర్ కారుతుంది.

కండెన్సర్ తీసేశాక రేడియేటర్ ముందు ఖాళీ వస్తుంది. అక్కడ గాలిని నెట్టే ఫ్యాను పెడదామని, లేదా పాత కండెన్సర్ ఫ్యానునే అక్కడ వాడుకుందామని చాలామందికి అనిపిస్తుంది. వెనక చోటు లేకపోతే తప్ప అటు వెళ్లకండి. ముందున్న ఫ్యాను, దాని మోటారు బండి పరుగెత్తేటప్పుడు వచ్చే ఎదురుగాలికి అడ్డం. వెనక నుంచి లాగే ఫ్యాను అదే శ్రమకు ఎక్కువ గాలి ఇస్తుంది. లాగే ఫ్యానుకు వైర్లు తారుమారు చేసి నెట్టే ఫ్యానుగా వాడితే గాలి బాగా తగ్గుతుంది, రెక్క వంపు ఒక దిక్కుకే చేసి ఉంటుంది.

ఒకే తొడుగులో రెండు ఫ్యాన్లు పక్కపక్కన ఉన్న బండ్లవారు ఒక మాట వినాలి. ఏసీ లేదు కదా అని రెండో ఫ్యాను విప్పేస్తే అక్కడ పెద్ద రంధ్రం మిగులుతుంది. మొదటి ఫ్యాను రేడియేటర్ గుండా గాలి లాగడానికి బదులు ఆ రంధ్రం నుంచి ఇంజను గదిలోని వేడి గాలినే తిప్పి తిప్పి లాగుతుంది. రెండో ఫ్యానును ఉండనివ్వండి. వీలైతే నీళ్లు ఇంకా వేడెక్కినప్పుడు తిరిగేలా దానికి వేరే స్విచ్ పెట్టించండి. అలాగే కండెన్సర్ చుట్టూ ఉండిన స్పాంజి పట్టీలు, ప్లాస్టిక్ పలకలు పారేయకండి. ముందు నుంచి వచ్చిన గాలి రేడియేటర్ పక్కల నుంచి జారిపోకుండా ఆపేవి అవే.

కొత్తగా కరెంటు ఫ్యాను వేసేవారికి వైరింగ్ విషయం. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) లేకుండా డ్యాష్‌బోర్డు స్విచ్ నుంచి నేరుగా ఇస్తే స్విచ్ కరిగిపోతుంది. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. 30 ఆంపియర్ల రిలే, 10 ఆంపియర్ల ఫ్యానుకు 20 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా. వేడిని చూసి కలిపే స్విచ్‌ను రేడియేటర్ పైగొట్టం దగ్గర పెడితే దాని అంకె థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే కవాటం) తెరుచుకునే అంకె కన్నా పైన ఉండాలి. థర్మోస్టాట్ 82 దగ్గర తెరుచుకుంటే స్విచ్ 92 దగ్గర కలిసి 87 దగ్గర విడిపోయేది చూడండి. 80 దగ్గర కలిసేది పెడితే ఫ్యాను జన్మలో ఆగదు, మళ్లీ మోత గోలే. చేత్తో వేసే స్విచ్ ఒక్కదాని మీద ఆధారపడొద్దు, ఒక రోజు మరిచిపోతే ఇంజను హెడ్ వంగిపోతుంది.

కొనేటప్పుడు

హైదరాబాద్‌లో నేను రాణీగంజ్, పుత్లీబౌలి రెండూ తిరిగాను. పాత ఫ్యాను తీసుకుని వెళ్లండి, ఫోటో చాలదు. మోటారు ఇరుసు మందం, మూడు బోల్టుల మధ్య దూరం, కనెక్టరు ఆకారం, తిరిగే దిక్కు అక్కడికక్కడే పోల్చుకోవాలి. సెకండ్ హ్యాండ్ మోటారు అయితే దుకాణంలోనే బ్యాటరీకి తగిలించి ఐదు నిమిషాలు తిప్పమనండి. క్షణం తిప్పి ఆపేస్తే బుష్ వేడెక్కాక వచ్చే కీచు వినిపించదు. ఆ ఐదు నిమిషాలు ఇవ్వనన్న దుకాణంలో కొనకండి. ప్లాస్టిక్ రెక్కను వేళ్లతో కొద్దిగా వంచి చూడండి, తెల్లగీత పడితే ఎండకు పెళుసెక్కింది.

ఏసీ ఇంకా తీయించనివారికి రెండు మాటలు. గ్యాసును పైపు వదులు చేసి గాలిలోకి వదిలేయనివ్వకండి. చాలా కార్ల ఏసీల్లో ఉండే ఆర్134ఎ గ్యాసు భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా బలమైనది. యంత్రంతో పట్టి తీసే చోటికే వెళ్లండి. ఏసీ పెట్టెలోనే ఉండే హీటర్ గొట్టాలను కూడా కలిపి విప్పేయకండి. ఎప్పుడైనా ట్రాఫిక్‌లో ఇంజను వేడి చూపే ముల్లు పైకి పోతే హీటర్ పూర్తిగా తెరిచి ఇంజను వేడిలో కొంత లోపలికి లాక్కోవచ్చు. లోపల చెమటలు కారతాయి, ఇంజను మాత్రం దక్కుతుంది.

పరీక్ష మేలోనే

ఏ ఫ్యాను వేసినా మధ్యాహ్నం పూట ఇరవై నిమిషాలు బండిని ఒకచోట నిలిపి, ఇంజను నడుస్తుండగా చూడండి. కరెంటు ఫ్యాను కాసేపు తిరిగి, ఆగి, మళ్లీ తిరగాలి. ఒకసారి మొదలై ఆగకపోతే దాని శక్తి చాలడం లేదు, లేదా స్విచ్ తప్పు. ఇంజను ఫ్యాను అయితే ముల్లు ఒకచోటికి ఎక్కి నిలవాలి, ఎక్కుతూ పోకూడదు. ఆ తర్వాత పంజాగుట్ట వైపు నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా రద్దీలో ఒకసారి ఎక్కించి చూడండి. ఎత్తు, నెమ్మది, ఎండ మూడూ కలిసే దారి అది. దిగాక బోల్టులు, బెల్టు బిగువు మళ్లీ చూపించండి. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి.

అంబాసిడర్‌ను నేను మే రెండో వారంలో అలాగే తీసుకెళ్లాను. చెక్‌పోస్టు దగ్గర రెండు సిగ్నళ్ల పాటు ఆగాల్సి వచ్చింది. ముల్లు సగం దాటి ఒక గీత పైకి వెళ్లి అక్కడే నిలిచింది, దిగువకు రాగానే మళ్లీ సగానికి వచ్చింది. తిరుగు దారిలో మెహదీపట్నం దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాను. నాలుగు అద్దాలూ దించే ఉన్నాయి. గాలి హోరు ఉంది కానీ ఆ పాత మోత లేదు. వెనక సీట్లోంచి అమ్మ "అరాంఘర్ ఇంకెంత దూరం?" అని మామూలు గొంతుతోనే అడిగింది. నాకు వినిపించింది.